పచ్చి చేప అనే పచ్చి అబద్ధం

చెంచాలో ఉన్నది చూడ్డానికి చిన్న సైజు మెదడులా ఉంది. తెల్లగా, మడతలు మడతలుగా, చెంచా కదిలితే తనూ కదులుతూ. పైన నాలుగు చుక్కలు పుల్లటి సాస్, చిటికెడు ఉల్లికాడ తరుగు. "కానీయ్ కానీయ్" అంటున్నాడు పక్కవాడు. ఒక చేత్తో బల్ల మీద దరువు, ఇంకో చేత్తో ఫోన్లో వీడియో. నా చేతిలో ఉన్నదాని పేరు షిరాకో. జపనీస్‌లో 'తెల్ల పిల్లలు' అని అర్థమట. మగ కాడ్ చేప వీర్యకోశం. ఈ సంగతి చెఫ్ మాకు చెప్పాడు గానీ, ఆర్డరు ఇచ్చేశాక చెప్పాడు.

కళ్లు మూసుకుని నోట్లో వేసుకున్నాను. నమల్లేదు. మాత్ర మింగినట్టు మింగేశాను. మిగతా ముగ్గురూ చప్పట్లు కొట్టారు. "ఎలా ఉందిరా?" అంటే "సూపర్" అన్నాను. తర్వాత వీడియో చూసుకుంటే, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డవాడి మొహం నాది.

షిరాకో రుచి ఎలా ఉంటుందో నాకు తెలీదు. తిన్నాను, సాక్ష్యంగా వీడియో కూడా ఉంది, కానీ తెలీదు. ఆ రాత్రంతా నన్ను పట్టి పీడించింది ఇదే. ఫ్రెండుకి ప్రమోషన్ వచ్చిందని సుషీ హోటల్లో పార్టీకి వెళ్లాం. మెనూలో ఎప్పుడూ వినని పేర్లు ఏవుంటే అవి చెప్పించడమే ఆ పూట ప్లాను. ఎవరు ఎక్కువ వింతది తింటే వాడు గొప్ప. ఎనిమిది సీట్ల చిన్న కౌంటర్ ముందు కూర్చుని, సర్కస్‌కి వచ్చినవాళ్లలా ప్రవర్తించాం. ఎందుకలా చేశామా అని తర్వాత ఆలోచిస్తే తప్పంతా ఒక్క మాట మీదకి వచ్చి ఆగింది.

ఆ మాట 'పచ్చి'.

తెలుగులో ఇది పాపం చెడ్డపేరు మూటగట్టుకున్న మాట. పచ్చి అబద్ధం, పచ్చి మోసం, పచ్చి తాగుబోతు, పచ్చి బూతు. పక్కన ఏం పెట్టినా దాన్ని ఇంకో మెట్టు కిందికి లాగుతుంది. పండనిది పచ్చి, ఉడకనిది పచ్చి, ఆరనిది పచ్చి, మానని పుండు పచ్చి. అంటే జరగాల్సింది ఇంకా జరగలేదని. 'పచ్చి చేప' అనగానే మన మనసులో పడే బొమ్మ కూడా ఇదే. వండాల్సినవాళ్లు వండలేదు, పని మధ్యలో వదిలేసి ప్లేటులో పెట్టి పంపారు. అలాంటిదాన్ని తినాలంటే ధైర్యం కావాలి. ధైర్యం అనగానే పందెం. పందెం అనగానే వీడియో.

ఆ కౌంటర్ మీద మా ముందుకొచ్చినవాటిలో పని మధ్యలో వదిలేసినది ఒక్కటి కూడా లేదు. నా వాదన అంతా ఇంతే.

షిరాకోనే తీసుకోండి. మింగేశాక కాస్త సిగ్గేసి, "దీన్నిలా పచ్చిగానే పెడతారా?" అని చెఫ్‌ని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఉప్పునీళ్లలో కడగాలి, రక్తనాళాలు ఒక్కొక్కటీ కత్తిరించి తీసెయ్యాలి, మరిగే నీళ్లలో కొన్ని క్షణాలు ముంచి వెంటనే ఐస్ నీళ్లలో వెయ్యాలి అని చెప్పాడు. అంటే నేను కళ్లు మూసుకుని సాహసం చేసి మింగింది అసలు పచ్చిదే కాదు! మా వీడియోకి పెట్టిన క్యాప్షన్‌తో సహా అంతా తప్పే.

సుషీ అన్న పేరు విషయంలోనూ ఇంతే. సుషీ అంటే పచ్చి చేప అనుకుంటాం. కాదు. ఆ మాటకి మూలం పులుపు. వెనిగర్ కలిపిన అన్నం ఉంటే సుషీ, దాని మీద చేప ఉండొచ్చు, గుడ్డు ఉండొచ్చు, దోసకాయ ఉండొచ్చు. అన్నం లేకుండా చేప ముక్కలే కోసి పెడితే సషిమీ. ఇంకా వెనక్కి వెళ్తే అసలు సుషీ, చేపని పాడవకుండా దాచుకునే పద్ధతి. జపాన్‌లో బివా సరస్సు చుట్టుపక్కల, షిగా ప్రాంతంలో, ఫునజుషి అని ఇప్పటికీ చేస్తారు. నిగోరోబునా అనే చేపని ముందు నెలల తరబడి ఉప్పులో ఉంచి, తర్వాత అన్నంలో పొరలు పొరలుగా కూరి బరువు పెట్టి ఇంకొన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్లు, పులియబెడతారు. అన్నం పులిసి ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం చేపని కాపాడుతుంది. పాతకాలంలో చేప తిని, ఆ అన్నం పారేసేవాళ్లు. సుషీ ముత్తాత ఇది. దీన్నెవరైనా పచ్చిది అనగలరా?

మనకి తెలిసిన నిగిరి, అంటే వేళ్లతో నొక్కిన అన్నం ముద్ద మీద చేప ముక్క, చాలా తర్వాత వచ్చింది. 1820ల ప్రాంతంలో ఎడోలో, ఇప్పటి టోక్యోలో, హనాయా యోహేయ్ అనే ఆయన దీన్ని జనంలోకి తెచ్చాడని చెబుతారు. నెలల తరబడి పులియబెట్టే ఓపిక ఆ ఊరి జనానికి లేదు. 1804లో హండా అనే ఊళ్లో నకానో మతాజాయెమోన్ అనే సారా వ్యాపారి, సాకే అనే బియ్యపు సారా తీశాక మిగిలిన పిప్పి నుంచి వెనిగర్ తయారుచేయడం మొదలుపెట్టాడు. ఆ చవక వెనిగర్ అన్నంలో కలిపితే ఏడాది పులుపు నిమిషంలో వచ్చేస్తుంది. వీధిలో బండి దగ్గర నిలబడి రెండు ముక్కలు నోట్లో వేసుకుని పనికి పోయేవాళ్ల తిండి అది.

ఐస్ లేని కాలం అది. ఫ్రిజ్ మాట సరే సరి. అందుకే ఆ బండ్ల మీద చేపని అలాగే కోసి పెట్టడం తక్కువ. ట్యూనాని సోయా సాస్‌లో ఊరబెట్టేవాళ్లు. చిన్న చేపల్ని ఉప్పేసి వెనిగర్‌లో ముంచేవాళ్లు. రొయ్యల్ని ఉడకబెట్టేవాళ్లు, ఆనాగో అనే సముద్రపు ఈల్‌ని తీపి రసంలో మెత్తగా ఉడికించేవాళ్లు. ఇప్పుడు 'ఎడోమాయ్' అని గొప్పగా చెప్పుకునే సంప్రదాయం అంతా, చేప పాడవకుండా చెయ్యాల్సిన పనుల జాబితానే.

ఈ మాటలన్నీ ఆ రోజు నాకు తెలీవు. ఆ రోజు చూసింది చెఫ్ చేతుల్ని మాత్రమే.

కొహదా అనే చిన్న చేప ఒకటి తీశాడు. అరచేతిలో సగం కూడా లేదు. వీపు మీద నల్లటి చుక్కలు వరసగా, వెండి కాగితం మీద సూదితో పొడిచినట్టు. చర్మం మీద కత్తి మొనతో మూడు గీతలు గీశాడు. ఎడం చేత్తో చేప ముక్క, కుడి చేత్తో చెక్క గిన్నెలోంచి కాస్త అన్నం. అన్నం ఎర్ర వెనిగర్ కలిపింది కాబట్టి లేత గోధుమ రంగులో ఉంది. వేలితో వసాబి అనే ఘాటైన ఆకుపచ్చ ముద్ద ఒక పిసరు రాసి, నొక్కి, తిప్పి, మళ్లీ నొక్కి, నా ముందు పెట్టాడు. పట్టుమని ఐదు సెకన్లు. పెట్టాక ఆ ముద్ద కళ్లముందే రవ్వంత కుంగింది. లోపల గాలి ఉండేలా నొక్కుతారు, చేతిలో నిలుస్తుంది, నోట్లో విడిపోతుంది. అన్నం చల్లగా లేదు, ఒంటి వేడిలో ఉంది. ఉప్పు ఎంతసేపు, వెనిగర్ ఎంతసేపు అనేది ఆ రోజు చేప కొవ్వుని బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుందట. నోట్లో పెట్టుకుంటే ముందు పులుపు, తర్వాత ఉప్పు, ఆ తర్వాత ఎక్కడో వెనకనుంచి చేప. అప్పటికి పందెం సంగతి మర్చిపోయాను. నమిలాను.

అయితే మావాళ్లు దాన్ని పట్టించుకోలేదు. "ఇదేంట్రా, మామూలు చేప" అన్నాడు పార్టీ ఇస్తున్నవాడు. వీడియోలో కనపడాలంటే ఏదో ఒకటి కదలాలి కదా.

కదిలేది తర్వాత వచ్చింది. అకాగాయ్, ఎర్ర గుల్ల. ఈ గుల్ల జీవికి మనలాగే రక్తంలో హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే నారింజ ఎరుపు. చెఫ్ దాన్ని కోసి, శుభ్రం చేసి, గాట్లు పెట్టి, చెయ్యెత్తి పలక మీద ఫట్‌మని కొట్టాడు. మేం నలుగురం ఉలిక్కిపడ్డాం. ఆ ముక్క అంచులు మెల్లగా ముడుచుకుని పువ్వులా లేచాయి. "బతికే ఉంది!" అని ఒకటే గోల. బతికి లేదు. కండరంలో శక్తి మిగిలి ఉంటే దెబ్బకి ముడుచుకుంటుంది. అలా ముడుచుకోవడం తాజాదనానికి గుర్తు, తినేటప్పుడు కరకరలాడుతుంది కూడా. ఆయన కొట్టింది మా వినోదం కోసమా, పంటి కింద ఆ కరకర కోసమా అంటే, రెండూ కొంచెం కొంచెం అనే అనుకుంటున్నాను. చెఫ్‌లు కూడా మనుషులే.

ఇక్కడ మా గుంపులో ఒకామె గురించి చెప్పాలి. ల్యాబ్‌లో పని, సూక్ష్మజీవులతో స్నేహం. మాకెర్ల్ అనే చేప రాగానే ఆమెకి టెన్షన్ మొదలైంది. "దీన్లో అనిసాకిస్ ఉంటుంది తెలుసా?" అంది. దారప్పోగు లాంటి సన్నటి పురుగు. బతికున్నది కడుపులోకి పోతే కొన్ని గంటల్లోనే మెలిపెట్టే నొప్పి వస్తుంది, డాక్టరు ఎండోస్కోపీ గొట్టం పంపి పట్టుకుని లాగాల్సి వస్తుంది. "వసాబి తింటే చచ్చిపోతుందిలే" అన్నాడు పార్టీవాడు. "చావదు. వెనిగర్‌కి కూడా చావదు. వేడికో, గడ్డకట్టే చలికో చస్తుంది" అంది. నిజమే. అమెరికా ఆహార శాఖ నిబంధన ప్రకారం చేపని మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు ఉంచాలి, లేదా ఇంకా చల్లగా మైనస్ 35లో గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలు. ఆమె మొహమాటపడకుండా చెఫ్‌నే అడిగేసింది. ఆయన ఏమీ అనుకోలేదు. ముందు గడ్డకట్టించాకే ఉప్పు, వెనిగర్ అని చెప్పి, ముక్కని దీపం వైపు ఎత్తి రెండు వైపులా చూపించాడు. ఆమె తింది.

ఆ పూట మా నలుగురిలో సరైన ప్రశ్న వేసింది ఆమె ఒక్కతే. మేమంతా "తినే దమ్ముందా?" అంటుంటే ఆమె "దీనికి ఏం చేశారు?" అని అడిగింది. 'సుషీ గ్రేడ్' అని ప్యాకెట్ మీద రాసుంటే చాలనుకునేవాళ్లున్నారు. అమెరికాలో ఆ మాటకి చట్టంలో అర్థమే లేదు, అమ్మేవాడి మాట అంతే. గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు ఈ ముక్కల జోలికి పోవద్దని డాక్టర్లు చెప్పేది కూడా ఇందుకే. పచ్చిది కాదు అని నేను వాదిస్తున్నానంటే ప్రమాదం లేదని కాదు. ప్రమాదం ఉంది కాబట్టే ఇంత పని ఉంది అని.

సాల్మన్ కథ వింటే ఇంకా బాగా అర్థమవుతుంది. ఇప్పుడు సుషీ అంటే చాలామందికి కళ్లముందు మెదిలేది నారింజ రంగు సాల్మన్. కానీ జపాన్‌లో సాల్మన్‌ని పచ్చిగా తినే అలవాటు ఒకప్పుడు పెద్దగా లేదు. పసిఫిక్ సాల్మన్‌లో పురుగులుంటాయని వాళ్లకి తెలుసు, ఉప్పేసి కాల్చుకునేవాళ్లు. నార్వేవాళ్ల దగ్గర పెంచిన సాల్మన్ కుప్పలు పడుంటే, 1980ల మధ్యలో 'ప్రాజెక్ట్ జపాన్' అని ఒక ప్రచారం మొదలుపెట్టారు. మా చేపలు గుళికల మేత తింటాయి, పురుగుల భయం లేదు, సుషీలో వాడండి అని. జపాన్‌వాళ్లు ఊరికే ఒప్పుకోలేదు. రంగు బాలేదన్నారు, వాసన బాలేదన్నారు. పదేళ్ల పైచిలుకు పట్టింది. అంటే పచ్చి సాల్మన్ తినాలంటే జపాన్‌వాళ్లే బెదిరారు. మేం మాత్రం దాన్ని 'బోరింగ్' అని పక్కకి నెట్టేశాం.

ఇంక ట్యూనా. దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తాను, 'తాజా' అనే ఇంకో మాట పని కూడా ఇక్కడే పట్టాలి కాబట్టి.

చెఫ్ ముదురు ఎరుపు ముక్క కోస్తుంటే పార్టీవాడు అడిగాడు, "ఈ రోజు వచ్చిందేనా?" ఆయన మర్యాదగా, "లేదండీ, వారం దాటింది" అన్నాడు. మావాడి మొహం చూడాలి! కానీ పెద్ద చేప పట్టిన రోజున గట్టిగా, చప్పగా ఉంటుంది. చేప చచ్చాక కండరంలోని శక్తి పదార్థం మెల్లగా విరిగి ఐనోసినిక్ ఆమ్లం అవుతుంది. నాలుకకి కమ్మగా తగిలేది అదే. అది పుట్టడానికి టైం కావాలి, పాడవకుండా ఆ టైం ఇవ్వడానికి చలి కావాలి, బట్ట చుట్టడం, తడి తుడవడం, రోజూ చూసుకోవడం కావాలి. ఈ పని పడవలోనే మొదలవుతుంది. ఇకెజిమే అని, చేపని పట్టగానే మెదడులో పొడిచి, రక్తం తీసేసి, వెన్నులోకి తీగ దూర్చి నరాల్ని ఆపేస్తారు. కొట్టుకుని కొట్టుకుని చచ్చిన చేప ఆ శక్తినంతా ముందే ఖర్చు చేసేసుకుంటుంది, రుచికి ఏమీ మిగలదు. అయినా మనం ప్లేటు చూసి "వండలేదు" అంటాం.

కడుపు దగ్గరి కొవ్వు ముక్క టోరో సంగతి ఇంకా విచిత్రం. ఇప్పుడు కళ్లకద్దుకుని తినే ఈ ముక్కని ఒకప్పుడు పిల్లి కూడా దాటుకుని పోతుందని వెక్కిరించేవాళ్లు. కొవ్వు త్వరగా పాడవుతుంది, ఐస్ లేదు, అందుకని. ఫ్రిజ్‌లు వచ్చి, జనం నాలుక మారి, దాని రాత మారింది. జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాలు సరుకు దింపి ఉత్తర అమెరికా నుంచి ఖాళీగా తిరిగొస్తుంటే, వాటిలో ఏం నింపాలా అని వెతికిన ఉద్యోగులకి కెనడా తూర్పు తీరంలో బ్లూఫిన్ ట్యూనా కనపడింది. అక్కడివాళ్లు వాటిని సరదాకి పట్టి, ఫోటో దిగి, పారేసేవాళ్లు. 1972 ఆగస్టులో అవి మొదటిసారి టోక్యో సుకీజీ మార్కెట్‌లో వేలానికి వచ్చాయి. 2019 జనవరిలో, మార్కెట్ టొయోసుకి మారాక జరిగిన తొలి కొత్త సంవత్సరం వేలంలో, 278 కిలోల ఒక్క చేప 33 కోట్ల 36 లక్షల యెన్లు పలికింది. అది చేప ధర కాదు, పేపర్లో ఫోటో ధర. మా వీడియోకీ దానికీ తేడా డబ్బులోనే అని నా అభిప్రాయం. ఈలోగా పసిఫిక్ బ్లూఫిన్‌లో గుడ్లు పెట్టే వయసువి, వేట లేని కాలంతో పోలిస్తే ఒక దశలో 2 శాతానికి పడిపోయాయి. కోటాలు బిగించాక తేరుకుంటున్నాయి.

నేను తిన్న టోరో ముక్క నోట్లో కరిగిపోయింది. అందరూ రాసేది ఇదే, నేనూ ఇంతకు మించి ఏం చెప్పలేను. దానికంటే ఆ ఎర్ర ముక్కే నచ్చింది. కాస్త ఇనుము వాసన, కాస్త పులుపు.

ఇక్కడ మీకో ప్రశ్న రావాలి. ధైర్యం చెయ్యకపోతే కొత్తది ఎలా తింటావయ్యా, దిగితే గానీ లోతు తెలీదు కదా అని. ఒప్పుకుంటాను. మావాడు ఆ పార్టీ పెట్టకపోతే, నలుగురం ఒకర్నొకరు రెచ్చగొట్టుకోకపోతే నేనా కౌంటర్ గడప తొక్కేవాణ్నే కాదు. గడప దాటడానికి పందెం పనికొస్తుంది. కానీ లోపలికి వెళ్లాక కూడా పందెమే ఆడుతూ కూర్చుంటే షిరాకోలా అవుతుంది. లోపలికి పోతుంది, తెలీదు.

ఉని విషయంలో నాకిది స్పష్టంగా తెలిసింది. సముద్రపు ముళ్లకాయ లాంటి జీవి, చుట్టూ ముళ్లు, లోపల నాలుకల్లా ఐదు పసుపు పచ్చ తమ్మెలు. గుడ్లు అనుకుంటారు, బీజాశయాలు. రెండు రకాలు చెప్పించాం. ఒకటి మురసాకి ఉని, అంటే ఊదా రంగుది. రెండోది బాఫున్ ఉని. బాఫున్ అంటే గుర్రపు పేడ! ఆకారం అలా ఉంటుందని పెట్టిన పేరు. ఈ అర్థం తెలియగానే మావాళ్లకి పండగైపోయింది, మళ్లీ ఫోన్లు లేచాయి. మొదటి ముక్క నేను పేరుతో సహా మింగాను, పేడ అనుకుంటూ, నవ్వుతూ. రుచి లేదు. అదృష్టం కొద్దీ చెఫ్ రెండోది పెట్టాడు, అప్పటికి ఫోన్లన్నీ పక్కవాడి వైపు తిరిగి ఉన్నాయి. ఎవరూ చూడకుండా తిన్నాను. ముందు పళ్లకి పలచటి కరకర, అది నోరి ఆకు. తర్వాత చల్లటి, మెత్తటి, తియ్యటి ఏదో. మింగాక చివర్లో సముద్రం. నిమిషం పాటు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ నోరి గురించి ఒక ముక్క చెప్పకుండా ఉండలేను. ఈ సముద్రపు నాచు ఎండాకాలంలో మాయమై మళ్లీ ఎక్కడి నుంచి పుట్టుకొస్తుందో వందల ఏళ్లుగా దాన్ని పండించేవాళ్లకే తెలీదు. దాని మరో దశ గుల్లల లోపల దాక్కుని ఉంటుందని 1949లో కనిపెట్టింది క్యాథ్లీన్ డ్రూ బేకర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త. ఆమె జన్మలో జపాన్ వెళ్లలేదు. కుమమోటోలో సముద్రం ఒడ్డున ఆమెకి స్మారకం కట్టి ఏటా ఏప్రిల్‌లో దండం పెట్టుకుంటారు. మేం నోరిని మధ్యమధ్యలో చిప్స్‌లా నమిలేశాం.

"ఫుగు ఉందా?" అని అడిగాడు మావాడు. ఫుగు అంటే ఒంట్లో ప్రాణాంతకమైన విషం ఉండే చేప, పందెంలో ఆఖరి ముక్క అదే కాబట్టి. లేదు, దానికి వేరే లైసెన్సు కావాలి అన్నాడు చెఫ్. మంచిదైంది. 1975 జనవరిలో బాండో మిత్సుగోరో అనే పెద్ద కబుకి (జపాన్ సంప్రదాయ నాటకం) నటుడు, జపాన్ ప్రభుత్వం జాతీయ సంపదగా గౌరవించిన మనిషి, క్యోటోలో ఫుగు కాలేయం ఒకటి కాదు నాలుగు ప్లేట్లు తిని చనిపోయాడు. ఆ విషానికి విరుగుడు లేదు. తర్వాత జపాన్ ఆ కాలేయాన్ని హోటళ్లలో వడ్డించడమే నిషేధించింది. లైసెన్సు ఉన్నవాడు ఏళ్ల తరబడి నేర్చుకునేది ఏది కొయ్యాలి అని కాదు, ఏది పారెయ్యాలి అని.

నా వరకు అసలు దెబ్బ తగిలింది మాత్రం ఇలాంటి పేరుమోసిన వింతల వల్ల కాదు. కొన్నేళ్ల కిందట ఇంకోచోట 'వైట్ ట్యూనా' అని మెనూలో చూసి తిన్నాను. వెన్నలా ఉంది, ఆరు ముక్కలు లాగించాను. మర్నాడు జరిగింది రాయను. అది ట్యూనా కాదు, ఎస్కోలార్ అనే చేప. దాని కొవ్వు మైనం లాంటిది, మన పేగులు అరిగించుకోలేవు, నూనె నూనెగానే కిందికి వదిలేస్తాయి. జపాన్‌లో దాన్ని అమ్మనివ్వరు. 2013లో అమెరికాలో ఓషియానా అనే సంస్థ సుషీ దుకాణాల నుంచి తెచ్చిన నమూనాలు పరీక్షిస్తే 74 శాతానికి పేరు ఒకటి, చేప ఒకటి. దాన్ని చక్కగా వేయించి పెట్టినా నా గతి అదే అయ్యుండేది. పచ్చిదవడం వల్ల కాదు నేను పడింది, పేరు అబద్ధమవడం వల్ల. వసాబి కూడా చాలాచోట్ల అంతే అనుకోండి, హార్స్‌రాడిష్ అనే ఘాటైన దుంపకి ఆకుపచ్చ రంగు కలిపిన ముద్ద. అసలుది తురిమిన పావుగంటకే ఘాటు పోతుంది. ఆ రాత్రి చెఫ్ మా కళ్లముందు తురిమాడు. ముక్కు బద్దలవ్వలేదు, తియ్యగా ఉంది.

నాలుగోవాడి గురించి ఇంతవరకు చెప్పలేదు కదూ. కడుపు బలహీనం, భయం జాస్తి. కూర్చున్న వెంటనే చెప్పేశాడు, "నేను పచ్చిది ముట్టను, ఉడికిందే పెట్టమనండి" అని. సాయంత్రమంతా వాణ్ని ఆడుకున్నాం. "నీకెందుకురా సుషీ, ఇంట్లో పడుకోక" అన్నాం. వాడు పట్టించుకోలేదు. చెఫ్ వాడికి విడిగా పెట్టుకుంటూ పోయాడు. ఉడికించిన రొయ్య, ఉడికించిన ఆక్టోపస్, గుడ్డుతో చేసిన తమాగో, మెత్తగా ఉడికించి పైన చిక్కటి తియ్యటి రసం పూసిన ఆనాగో. ఈల్‌ని మాత్రం సాహసానికి కూడా మామూలుగా పచ్చిగా తినరు, దాని రక్తమే విషం, వేడి తగిలితే గానీ విరగదు. వాడు ఒక్కోటి చేత్తో తీసుకుని, కళ్లు తెరిచే తిని, చెఫ్ వైపు చూసి తలూపేవాడు. ఒక దశలో చెఫ్ మా ముగ్గుర్నీ వదిలేసి వాడితోనే మాట్లాడుతున్నాడు.

ఈలోగా మా మెనూలో వింత పేర్లు అయిపోయాయి. చివర్లో చెఫ్ అడిగాడు, "ఇంకొక్కటి ఏమైనా?"

మేం ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. నాలుగోవాడు ఆలోచించకుండా "ఆనాగో" అన్నాడు. నేను మెల్లగా "నాకూ అదే" అన్నాను. ల్యాబ్ ఆమె చెయ్యెత్తింది. పార్టీవాడు ఫోన్ జేబులో పెట్టి తనూ వేలు చూపించాడు.

చెఫ్ వెనక్కి తిరిగి చూసి, "రెండే ఉన్నాయండీ" అన్నాడు.

"రెండూ నాకే" అన్నాడు నాలుగోవాడు.